లాల్‌బీ గుడ్డ నక్షా

మా వాడలో ఇప్పుడు ఇంటింటికీ నల్లా ఉంది. ఒక పూట నీళ్లు రాకపోతే పిల్లలు నల్లాను తిడతారు, నల్లా వేసినవాణ్ని తిడతారు. అసలు అది ఎవరి వల్ల వచ్చిందిరా అని అడిగితే మాత్రం ఒకడు ఒక పార్టీ పేరు చెబుతాడు, ఇంకొకడు ఇంకో పార్టీ పేరు చెబుతాడు. నా ముందు అలా అంటే నేను ఊరుకోను. అది లాల్‌బీ తెచ్చిన నల్లా. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని కాబట్టి నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. దాని రాత సంగతి నాకు తెలియదు. నా మాట మాత్రం ఉన్నదున్నట్టే ఉంటుంది.

మాది నల్లగుట్టవాడ. కాజీపేట స్టేషన్ దాటి, పట్టాలకు ఇవతల పడమటి దిక్కున ఉంటుంది. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో నాలుగు పెంకుటిళ్లు, కొన్ని గుడిసెలు, తక్కినదంతా తుమ్మచెట్లు. తర్వాత లోకోషెడ్డులో పనికి వచ్చినవాళ్లు, టౌనులో గింజల మార్కెట్టుకు పోయేవాళ్లు ఇళ్లు వేసుకుంటూ వచ్చారు. మా ఆయన యాకయ్య గూడ్సుషెడ్డులో మూటలు మోసేవాడు. నేను మార్కెట్టులో మిరపకాయల తొడిమెలు తీసేదాన్ని. ఆ ఘాటు ఎక్కే నా నోరు ఇలా తయారైందని ఆయన అందరికీ చెప్పుకునేవాడు.

లాల్‌బీది మా పక్కిల్లు. వాళ్లు దూదేకులవాళ్లు. ఆమె విల్లుతో దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా జుట్టు నిండా పింజలతో ఉండేది. నడి వయసుకే ముసలిదానిలా కనిపించేది. నిజంగా ముసలిదయ్యాక కూడా అలాగే కనిపించింది, ఏమీ మారలేదు. భర్త తొందరగా పోయాడు. ఒక్క కొడుకు రహీం, లోకోషెడ్డులో ఖలాసీ. ఆమె పనిలో ఒక పిచ్చి ఉండేది. బొంత అడుగున, ఎవరికీ కనిపించని చోట కుట్టు ఒక్కటి వంకరపోయినా అంతా విప్పి మళ్లీ కుట్టేది. “ఎవరు చూస్తరే? పడుకునేటోడు కిందికి తొంగి చూస్తడా?” అని నేను వెక్కిరించేదాన్ని. “నేను చూసిన గదా మొగిలీ” అనేది.

ఆమె దగ్గర ఒక నక్షా, అంటే నేల పటం, ఉండేది. అది వాళ్ల నాయనది. ఆయన పేరు ఫకీర్ మహమ్మద్. నిజాం జమానాలో భూములు కొలిచేటప్పుడు జరీబు పట్టేవాడట. జరీబంటే కొలిచే ఇనుప గొలుసు. మా వాడ పుట్టకముందు ఈ దిక్కంతా కొలిచి, గుడ్డ మీద నక్షా గీశారు. కొన్నాళ్లకు ఆ గుడ్డ ఒక పక్క చెదలు తినేస్తే, కొత్తది రాసుకుని పాతది పారేయబోయారు. ఆయన అడిగి తెచ్చుకున్నాడు. తన కాళ్లు నడిచిన నేల అందులో ఉందని ఆయనకు అదొక మురిపెం. చనిపోయేముందు కూతురికి ఇచ్చాడు. దుప్పటిలో సగం ఉండేది. ఎర్ర గీతలు, నల్ల గీతలు, పురుగుల్లా ఉర్దూ అక్షరాలు. లాల్‌బీ చిన్నప్పుడు మసీదులో కొంచెం చదువు నేర్చుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేది.

మధ్యాహ్నం విల్లు పక్కన పెట్టాక ఆమెకు అదే ఆట. సందూకలోంచి నక్షా తీసి, చాప పరిచి, దాని మీద పడమటి దిక్కుకు తలపెట్టి పరిచేది. నమాజుకు చాప ఎటు వేస్తారో అటే. తండ్రి ఇచ్చిన సొత్తు, ఎటుపడితే అటు పరచకూడదని ఆమె లెక్క. పొడుగు కొలవాలంటే బొంత కుట్టే దారం తీసి వంకర గీత మీద వంకరగానే పరిచి, ముడి వేసుకునేది. ఆ దారం పట్టుకుని వాడంతా తిరిగేది. నేను మార్కెట్టు నుంచి వచ్చేసరికి ఎవరో ఒకరి వాకిట్లో నిలబడి నేలను చూస్తుండేది.

“మొగిలీ, నువ్వు కూసున్న కాడ ఎనకట సున్నపు బట్టీ ఉండెనే” అంది ఒకసారి.

“అందుకేనా నా కింద ఇంత మండుతాంది!”

“నీ కింద గాదు, నీ నోట్లె ఉన్నదా బట్టీ” అని మా ఆయన అరుగు మీది నుంచి అందుకున్నాడు.

నవ్వినవాళ్లు నవ్వారు గానీ, ఆమె చెప్పే మాటలకు వాడ అలవాటు పడిపోయింది. ఇక్కడ బండ్ల బాట ఉండేది, ఇక్కడ గొర్రెల మంద పెట్టేవాళ్లు, ఇక్కడ మంచినీళ్ల బావి ఉండి పూడిపోయింది, ఇలా. ఎక్కడెక్కడి నుంచో బతకడానికి వచ్చినవాళ్లం. మా కాళ్ల కింద ఏముండేదో మాకెవరికి తెలుసు? ఆమె చెబుతుంటే ఈ జాగా కూడా ఒక ఊరిలాగా అనిపించేది. దక్షిణం వైపు చివర ఉప్పలయ్య ఇల్లు. పాలవాడు. వాళ్ల బర్రెల కొట్టం ఉన్నచోట జాగీర్దారు గుర్రాలు కట్టేవాళ్లని లాల్‌బీ చెప్పింది. అంతే, ఆ రోజు నుంచి ఉప్పలయ్య మీసం తిప్పడం మొదలుపెట్టాడు. పాలలో నీళ్లు ఎక్కువయ్యాయంటే, “జాగీర్దారు జాగల పిండిన పాలు, ఎట్లుంటయనుకున్నవ్?” అనేవాడు.

ఒక్క సంగతి దగ్గర మాత్రం నాకు అనుమానం వచ్చేది. నక్షాలో పై అంచున గుట్ట బొమ్మ ఉంది. పైవైపు పడమర గదా అంటే, పడమర మాకు గుట్ట లేదు. నల్లగుట్ట ఉత్తరాన ఉంది.

“పడమటి గుట్ట రైలోళ్లు కొట్టిండ్రే. కంకర జేసి పట్టాల కింద పోసిండ్రు” అంది లాల్‌బీ.

“మరి మన నల్లగుట్టేది ఇండ్ల?”

“అది చెదలు తిన్న దిక్కున ఉండె.”

బాగానే ఉంది అనుకున్నాను. కాజీపేటలో పట్టాలు చూశాక, వాటి కింద ఎన్ని గుట్టలు పోసినా పడతాయని ఎవరైనా నమ్ముతారు.

ఇక నీళ్ల సంగతి. మా వాడకు నల్లా లేదు. ఉన్న చేదబావి మాఘం దాటితే బురద. టౌను ఆఫీసుకు పోతే, మీరు రాళ్లకుంట పంచాయతీలో ఉన్నారు అక్కడ అడగండి అన్నారు. రాళ్లకుంటకు పోతే, మీరు టౌనులో కలిశారు కదమ్మా అన్నారు. వాళ్లను అని ఏం లాభం, వాళ్లకూ తెలియదు. చివరికి కిషన్ రావు అనే సర్వేయరు అసలు సంగతి చెప్పాడు. నెమ్మదస్తుడు, కూర్చోబెట్టి మాట్లాడాడు. “టౌను శివారు, రాళ్లకుంట శివారు, ఇంకో ఊరి శివారు మూడు కలిసే కాడ ఒక హద్దురాయి ఉండాలమ్మా. అది ఎక్కడ పోయిందో దొరుకుత లేదు. ఆ రాయి ఒక్కటి చూపెట్టుండ్రి, నేను వచ్చి కొలుస్త. మీరు టౌను దిక్కున తేలితే పైపు ఏపియ్యొచ్చు.”

రాయి ఎవరు చూశారు? అందుకని పట్టాలు దాటి రైల్వే క్వార్టర్ల నల్లా దగ్గరికి పోయేవాళ్లం. పట్టాల మీద ఎప్పుడూ గూడ్సు బండ్లు నిలబడి ఉండేవి. చుట్టూ తిరిగి పోవాలంటే సగం పొద్దు పోతుంది. బిందె ముందుకు తోసి, వంగి, డబ్బాల కిందినుంచి దూరేవాళ్లం.

ఎమర్జెన్సీ పోయిన రెండేళ్లకు, ఎండాకాలంలో ఒక పొద్దున నేను, లాల్‌బీ కోడలు జన్నత్ బీ కలిసి నీళ్లకు పోయాం. రహీంకు పెళ్లయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నీళ్లు నింపుకుని తిరిగి వస్తూ నేను ముందు దూరాను. నేను ఇవతలికి వచ్చి బిందె లాగుతుంటే బండి ఒక్కసారి కుదుపు ఇచ్చింది. వదిలేసి వెనక్కి పడ్డాను. బిందె చక్రం కింద పడి జొన్నరొట్టె అయింది. అవతల జన్నత్ బీ, అప్పుడే తల వంచబోతున్న పిల్ల, “అత్తమ్మా!” అని అరిచింది. అత్తమ్మ ఎక్కడుంది? ఇంట్లో దూది ఏకుతోంది.

ఇంటికి వచ్చి చెప్పాం. లాల్‌బీ ఏడవలేదు, తిట్టలేదు. ఆ రోజు విల్లు ముట్టలేదు. పొద్దు వాలాక నక్షా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“జన్నత్‌కు నెల తప్పింది మొగిలీ. ఇంక ఎన్నొద్దులు వంగుతది ఆ చక్రాల కింద?”

“నువ్వు పోరాదు నీళ్లకు?”

“పోత. ఆమె ఇంట్ల కూసుంటదా? నేను నిద్ర లేవకముందే పోయొస్తది. గంత మొండిది.” నక్షా విప్పి ఒక గుర్తు మీద వేలు పెట్టింది. మూడు గీతలు కలిసే చోట చిన్న నల్ల చుక్క, పక్కన ఉర్దూ మాట. “సర్వేరు అడిగిన రాయి ఇగో, ఇది. దీన్ని పట్టుకుంట.”

మర్నాడే దారం పట్టుకుని కొలిచింది. కొలిచి కొలిచి ఉప్పలయ్య కొట్టంలో ఆగింది.

“ఉప్పలన్నా, నీ బర్రెల జర అవతల కట్టెయ్యి. ఇక్కడ తవ్వాలె.”

“లాల్‌బీ చెల్లె, జాగీర్దారు జాగ తవ్వుతవా?”

“రాయి దొరికితె నల్లా అస్తది అన్నా.”

“దొరక్కపోతె?”

“మళ్ల పూడుస్త.”

వాడ ఆడవాళ్లంతా చేరాం. గడ్డపారలతో పొద్దుగూకేదాకా తవ్వాం. పగిలిన కుండ పెంకులు, ఒక విరిగిన రోకలి బయటపడ్డాయి. బర్రెలు కొత్త చోట నిలబడక ఒకటే అరుపు. ఆ పూట పాలు కూడా సరిగ్గా ఇవ్వలేదు.

“చాలు తియ్యి. దూది ఏకేదానికి భూమి కొలిచే పనెందుకు?” అన్నాడు ఉప్పలయ్య. లాల్‌బీ మట్టి మళ్లీ పూడుస్తోంది. ఆమె బదులు నేనే అందుకున్నాను, “నీ గుర్రాల సంగతి జెప్పినప్పుడు మంచిగ కొలిచిందేం?” అని.

అక్కడే ఉంది పూలమ్మ. కుమ్మరామె. వాడకు పడమటి కొసన వేపచెట్టు కింద ఉన్న పోశమ్మకు పూజ చేసేది ఆమే. వాళ్ల అత్త, ఆ అత్తకు అత్త, అంతా చేసినవాళ్లే. మేమంతా రాకముందు నుంచి ఈ నేల మీద ఉన్నది వాళ్ల ఇల్లు ఒక్కటే. ఆమె కొంగుతో చెమట తుడుచుకుని అంది:

“నాకు తెల్వకడుగుత లాల్‌బీ, పడమటికి గుట్ట ఉండె, రైలోళ్లు కొట్టిండ్రు అంటవ్ గదా. మా తాత ముత్తాతలు కుండల మట్టి తెచ్చింది ఆ పడమటి కాన్నుంచే. ఇప్పటికి నేను గూడ ఆడనే తవ్వుతాన. గుట్ట కింద ఎవలన్న జిగట మట్టి తవ్వుతరా? ఆడ గుట్ట ఎన్నడు లేదు.”

లాల్‌బీ చేతిలో పార ఆగిపోయింది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నొచ్చుకున్న ముఖం కాదు. కుట్టు వంకరపోయిందని తెలిసినప్పుడు పెట్టే ముఖం.

ఇంటికి వచ్చి నక్షా పరిచింది. నేనూ వెంట పోయాను. పడమటికి తల పెట్టి పరిచి చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులతో అంచులు పట్టుకుని, మెల్లగా, జోలెలో పిల్లను తిప్పినట్టు ఆ గుడ్డను పక్కకు తిప్పింది. పైన ఉన్న గుట్ట ఉత్తరానికి వచ్చి, మన నల్లగుట్ట ఎక్కడుందో సరిగ్గా అక్కడ కూర్చుంది. చెదలు తిన్న పక్క తూర్పుకు, పట్టాల దిక్కుకు పోయింది. మూలన ఒక బాణం బొమ్మ ఉండేది. అది అలంకారం కోసం వేశారని ఇన్నాళ్లూ అనుకున్నాం. అదిప్పుడు నల్లగుట్ట వైపు చూస్తోంది.

“యా అల్లా” అంది. “నాయన పటాన్ని నమాజు చాపలెక్క పరిచిన నేను. కొలిచినోళ్లు గుట్ట దిక్కు తల పెట్టిండ్రు.”

“ఇన్నేండ్ల సంది చెప్పిందంత?”

“అంత తప్పే.”

ఇంకొకరైతే అక్కడే మడిచి సందూకలో పెట్టి నోరు మూసుకునేవాళ్లు. ఎవరికి తెలుస్తుంది? నేనైతే అదే చేద్దును. ఆమె తెల్లారి లేచి ఇంటింటికీ పోయింది. “మీ ఇంటి సంగతి నేను తప్పు జెప్పిన. నక్షా పక్కకు పరిచిన. ఇప్పుడు సరిగ్గ చూసి చెప్తాన” అని ప్రతి గడపలోనూ చెప్పింది. కొందరు నవ్వారు, కొందరు చాయ్ ఇచ్చారు. మా ఇంటి కింద సున్నపు బట్టీ పోయి గొర్రెల మంద వచ్చింది. ఉప్పలయ్య ఇంటికి పోయినప్పుడు నేను కూడా వెంటే ఉన్నాను, అది వినకుండా ఎలా ఉంటాను?

“ఉప్పలన్నా, నీ కొట్టం కాడ గుర్రాలు కట్టలే. గుర్రాలు కట్టింది అటు పడమటి దిక్కున.”

“మరి ఈడేముండె?”

లాల్‌బీ నక్షా చూసింది, నన్ను చూసింది. “సచ్చిన గొడ్లను ఏసే జాగ.”

ఉప్పలయ్య మీసం మీది చెయ్యి తీశాడు. “లాల్‌బీ చెల్లె, నీ కాళ్లు మొక్కుత, దాన్ని మళ్ల ఎనకటిలెక్క తిప్పు!”

నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి వచ్చింది. ఇంటికి వచ్చేదారిలో చూస్తే లాల్‌బీ నవ్వడం లేదు. హద్దురాయి ఎక్కడ తేలిందని అడిగితే మాట దాటేసింది. మర్నాడు అడిగినా అంతే. వారం దాటింది. జన్నత్ బీ రోజూ పట్టాలు దాటుతూనే ఉంది. నాకు ఒళ్లు మండింది.

“ఏందే, రాయి దొరికిందా లేదా? నీ కోడలి మీద నీకు ఫికర్ లేదా?”

అప్పుడు తలుపు దగ్గరికి వేసి, నా చెవిలో చెప్పింది. “పోశమ్మ కాడ ఆగింది.”

“పోశమ్మ పక్కనా?”

“పక్కన గాదు మొగిలీ. పోశమ్మనే.”

ప్రతి శ్రావణంలో బోనం ఎత్తుకుపోయి ఆ రాయికే మొక్కాను. పిల్లలకు అమ్మవారు పోసినప్పుడు ఆ రాయి మీద పోసిన నీళ్లే తెచ్చి చల్లాను. పసుపు మీద పసుపు, కుంకుమ మీద కుంకుమ పడి గుండ్రంగా, నున్నగా ఉండే ఆ తల్లి కింద సర్కారు రాయి ఉందంటే?

“నేను దూదేకులదాన్ని. మీ పోశమ్మ హద్దురాయి అని నా నోటితోని ఎట్ల చెప్పాలె? పూలక్క మనసు ఇరిగిపోదా?” అంది.

“నేను చెప్త.”

“నువ్వు చెప్తె కొట్లాటయితది” అంది. అదీ నిజమే.

మర్నాడు ఆమే నక్షా పట్టుకుని పూలమ్మ దగ్గరికి పోయింది. పూలమ్మ సారె మీద కుండ చేస్తోంది. లాల్‌బీ నక్షా పరిచింది, ఈసారి గుట్ట దిక్కుకు తల పెట్టి. పోశమ్మ మాటే ఎత్తలేదు. “పూలక్కా, నీ అంత ఎనకటి మనిషి ఎవలు లేరు వాడల. నేను సరిగ్గ పరిచిన్నా లేదా నువ్వు చూడు. ఇది గుట్ట. ఇది నువ్వు మట్టి తవ్వే జాగ. మట్టి కాన్నుంచి గుట్ట దిక్కు మొకం పెట్టి నడుస్తె మొదలు ఏమొస్తది?” అంది. మట్టి చేతిని కొంగుకు తుడుచుకుని పూలమ్మ వేలు పెట్టి నడిపించింది. రోజూ నడిచే దారి కదా, వేలు దానంతట అదే పోయింది. నల్ల చుక్క మీద ఆగింది.

పూలమ్మ ఆ వేలు తియ్యకుండానే తలెత్తి లాల్‌బీని చూసింది.

“అయితే?” అంది. “మా అత్త రాయికి మొక్కిందా? నేను రాయికి మొక్కుతున్ననా?”

“రాయి వాళ్లదక్కా. వచ్చి కూసున్నది మీ అమ్మ. ఆమె ఎవ్వల రాయని అడిగి కూసున్నదా?”

పూలమ్మ సారె వైపు తిరిగింది. “అమ్మకు తానం శ్రావణంలనే. అప్పటిదాక పసుపు గీకుడు లేదు. నేను జెయ్య, ఎవల్ని జెయ్యనియ్య.”

“నువ్వు ఎప్పుడంటె అప్పుడే” అంది లాల్‌బీ. నక్షా మడుచుకుని వచ్చేసింది. నేనైతే ఆమెను తిట్టాను. “శ్రావణానికి ఎన్ని నెలలున్నయో తెలుసా? బతిమాలొద్దా?” అని. “అమ్మ ఆమెది మొగిలీ. బతిమాలితె ఒప్పుకుంటది, తర్వాత జిందగంత ఏడుస్తది” అంది.

ఆ తర్వాత రెండు రోజులు లాల్‌బీ కోడలికంటే ముందే లేచి బిందె దాచిపెట్టి తనే పోయింది. మూడో రోజు జన్నత్ బీ వేరే బిందె అడిగి తెచ్చుకుని పోయింది. మొండిదని ముందే చెప్పాను కదా. పట్టాల దగ్గర గూడ్సు నిలబడి ఉంది. పూలమ్మ కూడా నీళ్లకు వచ్చింది ఆ పూట. కడుపుతో ఉన్న పిల్ల వంగడానికి భయపడి చక్రం పక్కన నిలబడింది. ఒకసారి తల లోపలికి పెట్టింది, బండి ఎక్కడో గర్రుమంది, తల బయటికి తీసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. పూలమ్మ పోయి ఆమె చెయ్యి పట్టుకుని లాగింది.

“పోదాం పా ఇంటికి.”

“నీళ్లు పెద్దమ్మా...”

“నీళ్ల సంగతి నేను చూస్త పా.”

పిల్లను లాల్‌బీ వాకిట్లో వదిలి, అక్కడి నుంచే గట్టిగా అరిచింది, వాడంతా వినేలాగా. “ఇగో లాల్‌బీ! నీ సర్వేరుకు కబురు పెట్టు. మంగళారం అమ్మకు తానం పోస్తాన. శ్రావణం దాక ఆగుతె ఈ పిల్ల ఆగుతదా? అమ్మ నన్ను అడగదా, నా పసుపుకు ఆడపిల్లను చక్రాల కింద పెడితివా అని?”

మంగళవారం పొద్దున్నే కిషన్ రావు వచ్చాడు. మూడు కాళ్ల పీట మీద పెట్టే దుర్బిణి, గొలుసు తెచ్చుకున్నాడు. పోశమ్మను చూడగానే చెప్పులు విడిచి దండం పెట్టాడు. “అమ్మా, రాయి మీద గుర్తు కనబడంది నేను రాసుకోలేను. అట్లని నా చేత్తోని ముట్టుకోలేను” అన్నాడు.

“నిన్నెవలు ముట్టుమన్నరు బిడ్డా? దూరం నిలవడు” అంది పూలమ్మ.

తానానికి నీళ్లు కావాలి. బావి బురద. ఆ రోజు పట్టాలు దాటి తెచ్చుకున్న నీళ్లలోంచే ఇంటికొక చెంబు తెచ్చాం. జన్నత్ బీ కూడా ఒక చెంబు పట్టుకుని వచ్చి దూరంగా నిలబడితే, “ఇటు తే. అమ్మకు ఎవల నీళ్లయితేంది” అని పూలమ్మే అందుకుంది. గోరువెచ్చని నీళ్లు పోసి, కుంకుడు పులుసుతో నెమ్మదిగా రుద్దింది. గీకలేదు. పిల్లకు నలుగు పెట్టినట్టు రుద్దింది, పాడుతూ రుద్దింది. పసుపు నానింది. చెట్టు బెరడులా పొరలు పొరలుగా ఊడి వస్తుంటే, ఆ పొరలను కింద పడనివ్వకుండా కొత్త కుండలో వేసుకుంది. ఎంత పాత పసుపో, లోపల నల్లగా ఉంది. గుండ్రటి తల్లి సన్నబడుతూ, సన్నబడుతూ, నాలుగు పలకల రాయిగా నిలబడింది. నడినెత్తిన మూడు గీతలు ఒకచోట కలిసిన గుర్తు.

లాల్‌బీ అందరికంటే వెనక వేపచెట్టు చాటున ఉండిపోయింది. నేను పోయి ముందుకు లాగితే, “వద్దు మొగిలీ, అమ్మ బట్టలు లేకుంట ఉన్నది, నన్నెందుకు చూడుమంటవ్” అంది. ఆ మాట విన్నాక పూలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతవరకు ఏడవలేదు ఆమె.

కిషన్ రావు చకచకా రాసుకున్నాడు. రాసుకోవడం అయిందో లేదో పూలమ్మ కొత్త పసుపు పూసి, బొట్లు పెట్టి, కళ్లు దిద్దింది. ఊడిన పాత పసుపును రాయి మొదట్లో పాతిపెట్టింది. తర్వాత ఆయన రాయి నుంచి గొలుసు పట్టించి రెండు రోజులు కొలిచాడు. ఒక కొస లాల్‌బీ పట్టుకుంది, వద్దన్నా వినలేదు. తండ్రిలాగే గొలుసును నేలకు తగలనివ్వకుండా బిగించి పట్టుకుంది. రెండో రోజు సాయంత్రం ఆయన చెప్పాడు, “రాయికి తూర్పంత టౌనే అమ్మా. మీ వాడ మొత్తం టౌనుల ఉన్నది” అని.

పైపు రావడానికి వానలు పోవాల్సి వచ్చింది. ఈలోపు వానలకు బావి నిండింది, పట్టాలు దాటే పని తప్పింది. జన్నత్ బీ కొడుకును కన్నది. వాడు మెడ నిలిపే నాటికి వాడ నడుమ నల్లా వేశారు. నీళ్లు వదిలే రోజు ఆడవాళ్లంతా బిందెలతో నిలబడ్డాం. మొదటి బిందె ఎవరిదని తగువు. పోశమ్మదని నేనన్నాను. కొట్టం తవ్వనిచ్చిన తనదని ఉప్పలయ్య అన్నాడు. లాల్‌బీని పట్టమంటే ఆమె, “నా బిందె వరుసల ఉన్నది, వస్తది తియ్యి” అని కదలలేదు. పూలమ్మ అందరినీ తోసుకుంటూ వచ్చి, జన్నత్ బీ చంకలోని పిల్లవాణ్ని తను ఎత్తుకుని, ఆమె బిందెను నల్లా కింద పెట్టింది.

“అమ్మ నాకు చెప్పింది, మొదలు ఈ పిల్లనే పట్టాలెనని. ఎవలకన్న అనుమానముంటె పోయి అమ్మను అడుగుండ్రి.”

నల్లా కాసేపు గాలి ఊదింది, ఎర్రనీళ్లు కక్కింది, తర్వాత తెల్లగా వచ్చింది. జన్నత్ బీ దోసిలి పట్టి తాగింది. అందరం ఆమె ముఖమే చూస్తున్నాం.

“ఎట్లున్నయే?” అన్నాను.

“చప్పగున్నయ్ పెద్దమ్మా. రైల్వే నీళ్లే మంచిగుండె.”

వరుసలో ఎక్కడో చివర ఉన్న లాల్‌బీ అక్కడి నుంచే అంది:

“చప్పగుంటె జరంత ఉప్పేసుకోని తాగు. పట్టాలు దాటినవంటె మాత్రం కాళ్లిరగ్గొడత.”